అయిదో సైనికుడి ముక్కు

ఆకురాయి అంటే ఆకూ కాదు, రాయీ కాదు. ఒళ్ళంతా పళ్ళున్న ఇనుప కడ్డీ. దాంతో రుద్దితే కంచైనా ఇత్తడైనా నోరు మూసుకుని నునుపెక్కాల్సిందే. ఆ పనిముట్టుని ముప్పై ఏడేళ్ళుగా వదలకుండా పట్టుకున్న పాపానికి దాని పేరే ఆయనకి ఖాయమైపోయింది. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఏవో కాగితాల్లో ఉంది గానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తనని కాదనుకుని ఆయనే పక్కకి తప్పుకుని దారిస్తాడు. పళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ మీద కూడా ఆకురాయే. "ఆకురాయిగారూ, నోరు తెరవండి" అని మర్యాదగా అడిగిన ఆ డాక్టరు, తెరిచాక మాత్రం "మూసెయ్యండి బాబూ" అని బతిమాలుకున్నాడు. ఎందుకంటే ఆయనది కంచు కంఠం. కంచుతో పనిచేసి చేసి ఆ గొంతు వచ్చిందో, ఆ గొంతు విని మనవాడే అనుకుని కంచే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిందో ఎవరూ తేల్చలేదు. ఆయన చెవిలో చెప్పిన రహస్యం వీధి చివర కుక్కకి కూడా తెలుస్తుంది.

ఆయన పనిచేసే పోతపని షెడ్డు సొంత బావమరిదిది. ఆ బావమరిదిని అందరూ కొలిమి అంటారు. పేరుకి కొలిమి గానీ మనిషి చల్లటి కుండ. కరిగిన కంచు మూసలో కుతకుతలాడుతుంటే పక్కన నిలబడి చెవిలో పుల్ల తిప్పుకోగల స్థితప్రజ్ఞుడు. బావ అరుస్తాడు, బావమరిది ఆవులిస్తాడు. ఇరవై ఏళ్ళుగా షెడ్డు అలాగే నడుస్తోంది.

ఆ ఏడు షెడ్డుకి వచ్చిన పని మామూలుది కాదు. యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో ఊరి తరఫున వెళ్ళి తిరిగి రాని నూట పన్నెండు మందికి స్మారకం. ఊరి నడిబొడ్డున, బస్టాపుకి ఎదురుగా ఉన్న మైదానంలో రాతిమెట్లు, మెట్ల వెనక పేర్లు చెక్కిన గోడ, మెట్ల మీద అయిదుగురు కంచు సైనికులు. నలుగురు పైకి ఎక్కుతుంటారు. అయిదోవాడు మాత్రం అన్నిటికంటే కింది మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, వెనకబడ్డ ఎవరికో చెయ్యందిస్తుంటాడు. దారినపోయే ఎవరైనా ఆ చేతిలో చెయ్యి పెట్టొచ్చు, ఆ కళ్ళలోకి చూడొచ్చు. అయిదు మొహాలూ ఊహించినవి కావు. ఆ నూట పన్నెండు మందిలోంచి చీటీలు తీసి, వచ్చిన అయిదుగురి ఇళ్ళకీ వెళ్ళి, ఫోటోలు అడిగి తెచ్చి మరీ చేసింది శిల్పి.

శిల్పి ముప్పై అయిదేళ్ళ అమ్మాయి. మాట తక్కువ, మట్టి ఎక్కువ. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా బంకమన్ను ఉండేది. ఆకురాయిని బాబాయ్ అనేది, ఆయన ఆమెని అమ్మాయ్ అనేవాడు, అది మైదానం దాకా వినబడేది.

పని జరిగే వరస ఇది. శిల్పి మట్టితో చేసిన బొమ్మకి మైనపు నకలు తీస్తారు. ఆ మైనం బొమ్మకి ఒంటి నిండా మైనపు గొట్టాలు అంటిస్తారు, కొన్ని కంచు లోపలికి పోవడానికి, కొన్ని గాలి బయటికి రావడానికి. పైన మట్టి పూత పూసి కాలిస్తే మైనం కారిపోతుంది. అది ఖాళీ చేసిన చోట్లోకి కంచు వచ్చి కూర్చుంటుంది. మట్టి పగలగొడితే బయటపడేది సైనికుడు కాదు, ముళ్ళపంది. ఆ గొట్టాలన్నీ కోసేస్తే మొండి ముక్కలు మిగులుతాయి. ఆ మొండి ముక్కల్ని తీసి, కింద చర్మం ఎలా ఉండాలో అలా తేల్చే పని ఆకురాయిది. పోత పోసేది కొలిమే అయినా, పోసిన పోతలో పోవాల్సిందేదో పోగొట్టేది మాత్రం ఈయన. జీవితమంతా తీసివేతలే. కూడికలన్నీ ఇంటావిడ చూసుకునేది.

ఆయన చెయ్యి తిరిగిన పనివాడు. ఎంత తిరిగిన చెయ్యంటే, మొహాలకి మెరుగు పెట్టేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఎడమ చేతి వేళ్ళతో తడమడం, కుడి చేత్తో ఒక్క రుద్దు, మళ్ళీ తడమడం. దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన పనివాళ్ళు ఆ వింత చూడ్డానికే ఆగేవాళ్ళు. ఆగినవాళ్ళని నిరాశపరచడం ఆయనకి ఇష్టం ఉండదు.

"నా చూపు వేళ్ళలో ఉంది. మొహం మీదున్న కళ్ళు ఊరికే దారి చూసుకోడానికి" అనేవాడు.

శిల్పి అయిదు ఫోటోలూ పెద్దవి చేయించి, ఒక్కో బొమ్మ పక్కన గోడకి అంటించింది.

"బాబాయ్, ఒక్కసారి చూసుకుని మొదలెట్టండి."

"ఫోటో చూసి చేస్తే ఫోటోయే అవుతుందమ్మాయ్. నువ్వు చూసే మట్టిలో చేశావు కదా. నీ మట్టి మాట కంచు వింది, కంచు మాట నా వేళ్ళు వింటాయి. మధ్యలో కాగితానికేం పని?"

ఆ అమ్మాయి ఇంకో మాట అనబోయింది గానీ, మైదానంలో రాతిమెట్లు ఏటవాలుగా కుదురుతున్నాయని కబురొచ్చింది. మూడు వారాలు అక్కడే మకాం పెట్టింది. ఆ మూడు వారాల్లో ఆకురాయి అయిదుగురినీ పూర్తి చేశాడు.

అయిదోవాడి దగ్గరికి వచ్చేసరికి ఆయన మంచి ఊపు మీదున్నాడు. గాలిగొట్టం ఎప్పుడూ ఎత్తయిన చోట పెట్టాలి, లేకపోతే గాలి బుడగ చిక్కుకుని అక్కడ కంచు నిండదు. అయిదోవాడి మొహంలో ఎత్తయిన చోటు ముక్కు దూలం. కొలిమి సరిగ్గా అక్కడే గొట్టం పెట్టాడు, సరిగ్గా అక్కడే కోశాడు, సరిగ్గా అక్కడే చింతగింజంత మొండి ముక్క మిగిలింది. ఆకురాయి కళ్ళు మూసుకున్నాడు. తడిమాడు. ముక్కు మీద మిట్ట. మొండి ముక్కే! రుద్దాడు. తడిమాడు. ఇంకా మిట్ట. మొండితనం చేసే మొండి ముక్క. ఇంకా రుద్దాడు. వేళ్ళు నుదుటి మీంచి జారి, ముక్కు కొస దాకా ఎక్కడా తగలకుండా వచ్చేదాకా రుద్దాడు.

"చూడరా! గాలి కూడా జారిపడుతుంది" అన్నాడు కళ్ళు తెరిచి.

కొలిమి వచ్చి చూసి, "బాగుంది బావా" అని ఆవులించాడు. పచ్చి కంచుని మంటతో వేడి చేసి, మందు నీళ్ళు చల్లి, ముదురు గోధుమ రంగు ఎక్కించారు. అయిదుగురూ వరసగా షెడ్డులో నిలబడ్డారు. ఆ సాయంత్రం ఆకురాయి ఇంటికి నడుస్తుంటే చెప్పుల్లో కాళ్ళు ఆనలేదు.

ఆవిష్కరణకి ఇంకా ఎనిమిది రోజులుంది. క్రేను వచ్చి బొమ్మల్ని మైదానానికి తీసుకెళ్ళేలోపే అయిదు కుటుంబాలూ వచ్చి చూసుకోవాలని శిల్పి పట్టు. "ఊరికి చూపించే ముందు ఇంటివాళ్ళకి చూపించాలి" అంది. అది న్యాయంగానే ఉంది. ఆకురాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, పెళ్ళికూతురి తండ్రిలాగా.

ఒక్కొక్కరూ వచ్చారు. ఒక ముసలాయన అన్నగారి చెవి పట్టుకుని చూసి, "ఇదే చెవి. నాన్న మెలిపెట్టిన చెవి" అని నవ్వాడు. ఒకావిడ తను పుట్టకముందే పోయిన తాతకి చెంప ఆనించి ఫోటో తీయించుకుంది. నలుగురి ఇళ్ళవాళ్ళూ ఆకురాయి చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన ఛాతీ చొక్కా బొత్తాలతో కుస్తీ పట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు గుమ్మం దగ్గర ఇంకో గొంతు వినిపించింది.

"ముందుకి జరగండి, ముందుకి! తలుపు దగ్గర గుంపేంటి? లోపలంతా ఖాళీయేగా!"

ఎనభై మందిని ఒక్క ఊపులో సర్దగల గొంతది. జనం ఆలోచించకుండా జరిగారు. కొలిమి కూడా తన షెడ్డులో తనే రెండడుగులు ముందుకి జరిగాడు. వచ్చినావిడకి డెబ్బై నాలుగేళ్ళు. చేతిలో గొడుగు, భుజానికి తోలు సంచీ. ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసి దిగిన మనిషి. ఉద్యోగం దిగినా గొంతు దిగలేదు. ఆకురాయి జన్మలో మొదటిసారి తన గొంతుకి జోడీ దొరికిందని సంబరపడ్డాడు. ఆమె వెనకే మైదానం నుంచి నేరుగా వచ్చిన శిల్పి.

"రండమ్మా, రండి! ఇదిగో మీ తమ్ముడు!" అని ఆకురాయి అయిదోవాడి దగ్గరికి నడిపించాడు.

కండక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. ఎదురుగా వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది.

"బాగున్నాడు నాయనా" అంది. "ఎవరి పిల్లాడు?"

షెడ్డులో విగ్రహాలు అయిదే ఉండాలి. ఆ క్షణాన ఎనిమిదయ్యాయి.

"మీ... మీ తమ్ముడేనమ్మా."

"మొహం మావాడిదే. చెవులు మావాడివే. గడ్డం కింద నొక్కు కూడా వాడిదే. ముక్కు మాత్రం ముక్కూ మొహం తెలియనివాడిది."

ఆకురాయి శిల్పి వైపు చూశాడు. ఆ అమ్మాయి గోడ మీద ఫోటోకేసి చూసింది. ఆకురాయి కూడా మూడు వారాల్లో మొదటిసారి ఆ ఫోటో చూశాడు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు, నవ్వు దాచుకుంటున్నాడు. ముక్కు దూలం మధ్యలో, కాస్త ఎడమకి, ఒక బొడిపె.

మొండి ముక్క కింద ఉన్నది మొండి ముక్క కాదు. మనిషి.

"ఆ బొడిపె నేను పెట్టిందే" అంది కండక్టరమ్మ, బొమ్మ వైపే చూస్తూ. "నాకు తొమ్మిదేళ్ళు, వాడికి ఏడు. ఉయ్యాల బల్ల ఖాళీగా ఊపి వదిలాను, చూద్దాం ఎంత దూరం పోతుందో అని. వెధవ సరిగ్గా అప్పుడే ఎదురొచ్చాడు. ముక్కు పగిలింది. నన్ను చంపేస్తారని నేను మంచం కింద దూరాను. ఇంట్లో అడిగితే, మెట్ల మీంచి పడ్డానన్నాడు. అంతే. పెద్దయ్యాక కూడా మాట మార్చలేదు. నేను నిజం చెప్పబోతే, 'అక్కా, నాకు గుర్తుంది, మెట్ల మీంచే' అనేవాడు."

ఎవరో నవ్వబోయి ఆగారు.

"సైన్యంలో చేరేటప్పుడు కాగితంలో గుర్తింపు చిహ్నం అని ఒక గడి ఉంటుందట. అందులో ఈ బొడిపెనే రాశాడు. నాకు ఉత్తరం రాశాడు, 'అక్కా, నువ్వు పెట్టిన గుర్తు ప్రభుత్వంవారికి నచ్చింది' అని." ఆమె గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "యుద్ధం అయ్యాక ఇంకో ఉత్తరం వచ్చింది. అది వాడు రాసింది కాదు. ముక్కు మీద బొడిపెను బట్టి గుర్తించడమైనది, అని ఉంది అందులో."

ఆకురాయి వేలు తన ముక్కు దూలం మీదికి పోయింది.

ఆమే ఆయన భుజం తట్టింది. "పోన్లే నాయనా, తప్పేం లేదు. ఇలా కూడా అందంగానే ఉన్నాడు. యాభై ఏళ్ళు ఆలస్యమైంది గానీ, ఇప్పుడు పెళ్ళిచూపులకి తీసుకెళ్ళొచ్చు."

తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు. ఆవిడ తట్టి వెళ్ళిపోయింది.

ఆకురాయి చేతిలో అరగనిదంటూ లేదు. ఆ రోజు అన్నం ఒక్కటే అరగలేదు. అసలు రెండు ముద్దలకి మించి లోపలికి పోలేదు. ఇంటావిడ ఎదురుగా కూర్చుని, ఇంత నిశ్శబ్దంగా భోజనం చేస్తున్న మనిషి తన మొగుడేనా అని అనుమానంగా చూసింది. జరిగింది చెప్పాడు. మామూలుగా ఆయన ఏదైనా చెబితే పక్కింటివాళ్ళు కూడా 'ఊఁ' కొడతారు. ఈసారి ఆవిడొక్కతే వింది.

"మీ గొంతు కాస్త రుద్ది తగ్గించే ఆకురాయి దొరికితే బాగుండునని నేను ఎన్నేళ్ళు అనుకున్నానో తెలుసా?" అంది చివరికి.

"ఇప్పుడా ఆ గొడవ?"

"దొరకలేదు కాబట్టి బతికిపోయారు. సంతలో తప్పిపోయినా ఆ గొంతు పట్టుకునే మిమ్మల్ని వెతుక్కుంటాను. ఆవిడ తమ్ముణ్ణి ఆవిడెలా వెతుక్కోవాలి మరి?" అని పళ్ళెం తీసుకుని లేచింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తలుపు తీసింది ఆకురాయే. కొలిమి వచ్చేసరికి అయిదోవాడి ముందు నిలబడి ఉన్నాడు.

"బొడిపె మళ్ళీ పెడదాం" అన్నాడు.

"ఎవరికి తెలుస్తుంది బావా? ఆవిడొక్కావిడకి తప్ప."

"ఆవిడొక్కావిడకి తెలిస్తే చాలదురా, నేను పనివాణ్ణి కాదని?"

కొలిమి ఈసారి ఆవులించలేదు. "పెట్టడమంటే వెల్డింగు. కంచు తీగ కరిగించి బొట్టు బొట్టుగా కట్టాలి. అక్కడ రేకు ఎంత మందముందో తెలుసా? నువ్వు రుద్దిన రుద్దుడికి చిటికెన వేలి గోరంత మిగిలుంటే గొప్ప. వేడికి చీలిందనుకో, మొహం మధ్యలో బీట. తల కోసి కొత్తది పొయ్యాలి, దానికి మూడు వారాలు. మనకున్నవి ఏడు రోజులు. నలుగుర్నే నిలబెట్టి, అయిదోవాడు సెలవు మీద ఉన్నాడని చెబుదామా?"

"చీలకుండా పెట్టు."

"అబ్బా, ఎంత తేలిగ్గా చెప్పావు!" అన్నాడు కొలిమి. తర్వాత, "గొట్టం అక్కడ పెట్టింది నేనే బావా. ఎత్తయిన చోటు అని చూశాను గానీ, ఎందుకు ఎత్తుగా ఉందని చూడలేదు. సగం తప్పు నాది" అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క పొద్దున ఆయన అంత మాట్లాడటం అదే మొదలు.

శిల్పి తన దగ్గరున్న అసలు మట్టిబొమ్మ మొహం తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో బొడిపె ఉంది. ఆకురాయి కొలత తీయబోతే ఆ అమ్మాయే ఆపింది.

"ఇదీ పూర్తి నిజం కాదు బాబాయ్. ఫోటో ఎదురుగా తీసింది. పక్క నుంచి ఎంత ఎత్తుందో నాకూ తెలీదు. ఊహించి పెట్టాను."

నిన్నటిదాకా ఊహకీ ఊపుకీ తేడా తెలియని ఆకురాయి, ఆ మాట విని తల పంకించి, నేరుగా కండక్టరమ్మ ఇంటికి నడిచాడు.

చిన్న గది. గోడకి మేకు, మేకుకి పాత టికెట్ల సంచీ, దాని పక్కనే తమ్ముడి ఫోటో. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అమ్మా, మీ తమ్ముడి ముక్కు మీ చేతికి గుర్తుందా?"

ఆమె తుంచడం ఆపింది. "నెల రోజులు రోజూ నూనె రాశాను నాయనా. నేను పగలగొట్టినందుకు నాకు నేనే వేసుకున్న శిక్ష. ఎందుకు గుర్తుండదు?"

"అయితే రేపు మీ వేళ్ళు కావాలి."

"వేళ్ళొక్కటే పంపనా, వెనకాల నేనూ రావాలా?"

మర్నాడు కొలిమి ముందు మొహం మొత్తాన్ని సన్నటి మంటతో సమంగా వెచ్చబరిచాడు, ఒక్క చోటే వేడెక్కి చీలకుండా. తర్వాత తీగ కరిగించి ఒక్క బొట్టు పెట్టాడు. ఆగాడు. ఇంకో బొట్టు. ఆగాడు. విగ్రహానికి నిగ్రహం ఉంది, కొలిమికి అంతకంటే ఉంది, ఆకురాయికే లేదు. ఒక స్తంభం చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ తన గోళ్ళని తనే కొరికి నునుపు చేసుకున్నాడు. తొమ్మిది బొట్లు. ముక్కు మీద రేగిపండంత ముద్ద. చల్లారేదాకా అందరూ కాచుకున్నారు.

"కొట్టి విను బావా" అన్నాడు కొలిమి చెమట తుడుచుకుంటూ.

బీటపడ్డ కంచు డొక్కు పలుకు పలుకుతుంది. ఆకురాయి వేలు మడిచి అయిదోవాడి నుదుటి మీద కొట్టాడు. ఖంగుమంది. ఆ మోత షెడ్డు రేకుల దాకా పోయి, చుట్టూ తిరిగి, తీరుబడిగా దిగింది. కొలిమి అక్కడే మూసల పక్కన కూలబడి, కరువుతీరా ఒక ఆవులింత తీశాడు.

ఇక ఆకురాయి వంతు. అన్నిటికంటే సన్నటి ఆకురాయి తీసుకున్నాడు. కండక్టరమ్మని ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆమె చెయ్యి చాచి ముద్ద మీద వేళ్ళు వేసింది. ఈయన అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు మూసుకుని బండి తోలే డ్రైవర్ని నా ముప్పై ఏళ్ళ సర్వీసులో చూళ్ళేదు. తెరువు నాయనా."

తెరిచాడు. ఎదురుగా ఫోటో ఉంది. పక్కన ఆవిడ ఉంది. ఇప్పుడు కళ్ళు మూసుకున్నది ఆవిడ.

"రైట్!" అంది.

రెండు రుద్దులు రుద్దాడు.

"హోల్డాన్." వేళ్ళతో తడిమింది. "కొండలా ఉంది. రైట్ రైట్."

రుద్దాడు.

"హోల్డాన్. కుడి పక్క ఇంకా తగ్గాలి. ఎడమ పక్క జోలికెళ్ళకు. రైట్!"

అలా పొద్దున పది గంటల బండి మధ్యాహ్నం రెండు దాటినా నడుస్తూనే ఉంది. రైట్ అంటే ఆకురాయి కదిలేది, హోల్డాన్ అంటే ఆగేది. వేళ్ళు తడిమేది, మళ్ళీ కదిలేది. శిల్పి నేల మీద కూర్చుని గడ్డం మోకాళ్ళకి ఆనించి చూస్తోంది. ముద్ద సన్నబడి, బొడిపె బయటికి రావడం మొదలైంది. ఒకరు చెబుతుంటే పనిచేయడం ఆకురాయికి ముప్పై ఏడేళ్ళలో ఇదే మొదలు. మొదట్లో చెయ్యి అలిగింది. తర్వాత దారికొచ్చింది.

చివరికి బొడిపె ఎడమ అంచున ఒక చిన్న గరుకు మిగిలింది. ఆయన వేలికి అది తగిలింది. ప్రాణం లాగేసింది. ఒక్క రుద్దు చాలు, ఒకే ఒక్క రుద్దు, పాలమీగడలా అయిపోతుంది. ఎవరూ రైట్ అనకుండానే చెయ్యి లేచింది.

"హోల్డాన్!"

షెడ్డు రేకులు అదిరాయి. ఆకురాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ వేళ్ళు బొడిపె మీదే ఉన్నాయి. ఒకసారి పై నుంచి కిందకి, ఒకసారి కింద నుంచి పైకి రాశాయి, నూనె రాసినట్టు. తర్వాత ఆ ముక్కుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పిండింది.

"మెట్ల మీంచి పడ్డాట్ట" అంది. "మెట్ల మీంచి!"

ఆమె కళ్ళు తెరవలేదు. ఆకురాయి పక్కకి తిరిగి, అవసరం లేకపోయినా పనిముట్టు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

మిగిలిన రోజుల్లో ముక్కు చుట్టూ మళ్ళీ మంట, మళ్ళీ మందు నీళ్ళు, రంగు కలిసేదాకా. క్రేను వచ్చింది. ఆవిష్కరణ రోజున మైదానం నిండిపోయింది. పెద్దలు వేదిక మీద మాట్లాడారు. శిల్పి పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. ఆ అమ్మాయి మైకు తీసుకుని, "మా బాబాయ్ కూడా ఉన్నారు, ఆ వెనకాల" అని చూపించింది. ఊరు వెనక్కి తిరిగింది. ఆకురాయి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. వెనక ఎవరూ లేరు. అప్పుడు తెలిసింది, తననే చూస్తున్నారని. కొలిమి నడుం మీద ఒకటి పొడిస్తే గానీ నమస్కారం పెట్టాలని తోచలేదు.

ముసుగు తీశారు. అయిదుగురి మీదా ఒకేసారి ఎండ పడింది. నలుగురు పైకి, ఒకడు వెనక్కి. కండక్టరమ్మ అందరికంటే ముందు వెళ్ళి, అయిదోవాడు చాచిన చేతిలో చెయ్యి పెట్టి, రెండో చేత్తో ముక్కు మీద బొడిపెని తాకింది. ఆమె వెనక ముసలాయన తాకాడు. ఆయన వెనక ఇంకొకరు. చూస్తుండగా వరస తయారైంది. వరస ఉన్నాక ఆవిడ ఊరుకుంటుందా? "ఒకరి తర్వాత ఒకరు! తోసుకోకూడదు! తాకినవాళ్ళు ముందుకి జరగాలి!" ఆ రోజు ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. అయితే సొంత ముక్కు మీద కాదు.

మూడు నెలలు గడిచాయి. మైదానం బాగోగులు చూసే మనిషి ఒకరోజు కంగారుగా ఫోన్ చేశాడు.

"ఆకురాయిగారూ, మీ అయిదోవాడి ముక్కు రంగు పోయిందండీ. మిగతా ఒళ్ళంతా బాగానే ఉంది, బొడిపె ఒక్కటే బంగారంలా మెరుస్తోంది. పైవాళ్ళు చూస్తే నన్నంటారు. వచ్చి కాస్త రంగెయ్యండి, లేదంటే నా దగ్గరున్న డబ్బాలోంచి నేనే పూసేస్తా."

ఆకురాయి సంచీ భుజానేసుకుని బయల్దేరాడు. మైదానం అంచుకి వచ్చి ఆగి చూశాడు. బస్టాపుకి పోయేవాళ్ళు పోతూ పోతూ ఒక్క క్షణం ఆగి ఆ బొడిపెని తాకి వెళ్తున్నారు. బడిపిల్లలు ఎగిరి తాకుతున్నారు. పరీక్షకి పోతున్నవాళ్ళు, ఉద్యోగానికి పోతున్నవాళ్ళు, ఊరికే పోతున్నవాళ్ళు. అంత మెరుగు ఆయన ముప్పై ఏడేళ్ళలో ఏ మొహానికీ పెట్టలేదు. ఎడమ అంచున ఆ గరుకు మాత్రం ఇంకా అలాగే ఉంది. దాని పక్కనే ఎండ తగిలి మెరుస్తోంది.

బాగోగుల మనిషి అప్పటికే డబ్బా మూత తీసి, కుంచె ముంచి, ముక్కు వైపు చెయ్యి చాచాడు.

"హోల్డాన్!" అని అరిచాడు ఆకురాయి.

కుంచె ఆగింది. దాంతోపాటు అప్పుడే బస్టాపులోంచి కదిలిన బస్సు కూడా కీచుమని ఆగింది. కిటికీల్లోంచి నలభై తలలు బయటికొచ్చాయి. డ్రైవరు మెడ చాపి, "ఎవరండీ, దిగేది ఎవరు?" అన్నాడు.

"ఎవరూ దిగక్కర్లేదు! అందరూ ఇటు చూడండి!" అన్నాడు ఆకురాయి, అయిదోవాడి పక్కన నిలబడి. "ఇతను మన కండక్టరమ్మగారి తమ్ముడు! ముక్కు మీద ఆ గుర్తు వాళ్ళక్క పెట్టింది!"

నలభై మందీ చూశారు. డ్రైవరు టోపీ తీసి చూశాడు.

"చూశారుగా" అన్నాడు ఆకురాయి, కుంచె లాక్కుని డబ్బాలో పడేస్తూ. "ఇంక రైట్ రైట్!"